పెద్దపిల్లి తూలిపడి చనిపోతే మెదడు చూడకుండా ఫైలు మూయకండి: సెంట్రల్ జూ అథారిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సెంట్రల్ జూ అథారిటీ సభ్య కార్యదర్శి గారికి, హైదరాబాదు, విశాఖపట్నం, తిరుపతి జంతుప్రదర్శనశాలల క్యూరేటర్లకు, అక్కడ పనిచేస్తున్న పశువైద్య మిత్రులకు నమస్కారాలు.

నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన పశువైద్యుణ్ణి. సర్వీసు మధ్యలో కొన్నేళ్లు డెప్యుటేషన్‌పై ఒక జూలో ఉన్నాను. ఆ రోజుల్లో నా చేతుల మీదుగా జరిగిన ఒక పోస్ట్‌మార్టం ఈ లేఖకు మూలం. ఒక ముసలి ఆడపులి వెనక కాళ్లు తడబడుతున్నాయని ముందుగా గుర్తించింది నేను కాదు, దాని కీపరు. ఎన్నో ఏళ్లుగా అలవాటైన చెక్క మంచె మీదికి దూకబోయి అందుకోలేక పడిపోతోందని, పిలిస్తే ఉలిక్కిపడుతోందని, నోటి వెంట చొంగ కారుతోందని అతను నాకు రెండు మూడుసార్లు చెప్పాడు. నేను కీళ్లవాతమనుకొని మందులు రాశాను. కొన్ని వారాలకు అది లేవలేని స్థితికి వచ్చి చనిపోయింది. ఛాతీ, పొట్ట తెరిచి చూశాను, ఊపిరితిత్తుల్లో న్యుమోనియా కనిపించింది. పుర్రె కోయడానికి సరైన రంపం లేదు, దహనం దగ్గరుండి చూడవలసిన అధికారులు వచ్చి ఎదురుచూస్తున్నారు, పొద్దు వాలుతోంది. రిపోర్టులో మరణ కారణం దగ్గర వృద్ధాప్యం, న్యుమోనియా అని రాసి సంతకం చేశాను. చీకటి పడేసరికి ఆ పులి బూడిదైంది.

ఆ పులికి ప్రయాన్ వ్యాధి, అంటే మడత తప్పిన ప్రొటీన్ వల్ల మెదడు స్పాంజిలా చిల్లులు పడే జబ్బు, ఉందని నేను అనడం లేదు. బహుశా లేదు. వెన్నులో డిస్కు జారి ఉండవచ్చు, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకి ఉండవచ్చు, మెదడులో గడ్డ ఉండి ఉండవచ్చు. కానీ అది ఏమిటో ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు, ఎందుకంటే తెలుసుకోగలిగిన ఒకే ఒక్క చోటు నేను చూడలేదు. నా తర్వాత వచ్చిన యువ వైద్యుల చేతుల్లో అదే పొరపాటు మళ్లీ జరగకుండా ఉండాలంటే అది వారి శ్రద్ధకో, తీరికకో వదిలేయవలసిన విషయం కాదని, నియమంగా ఉండవలసిన విషయమని నా నమ్మకం. నేను కోరేది క్లుప్తంగా ఇంతే: నాడీ సంబంధమైన లక్షణాలతో చనిపోయిన ప్రతి పులి, సింహం, చిరుత, చీతా మెదడును తీసి భద్రపరచి పరీక్షకు పంపే వరకు దాని కళేబరాన్ని దహనం చేయకూడదు, దాని ఫైలు మూయకూడదు.

ఎందుకు ఇంత పట్టుదల అంటే బ్రిటన్‌లో జరిగినది చెప్పాలి. 1986లో దక్షిణ ఇంగ్లండ్‌లోని ఒక వన్యప్రాణుల పార్కులో న్యాలా అనే జింక జాతి జంతువు ఒకటి వింతగా ప్రవర్తిస్తూ చనిపోయింది. మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే స్పాంజిలాగా చిల్లులు పడి ఉంది. అదే ఏడాది నవంబరులో అక్కడి ప్రభుత్వ పశువైద్య ప్రయోగశాల ఆవుల మెదళ్లలోనూ అవే చిల్లులను గుర్తించింది. తర్వాత లోకమంతా మ్యాడ్ కౌ వ్యాధి అని పిలిచినది అదే. చనిపోయిన పశువుల మాంసాన్ని, ఎముకలను ఎండబెట్టి పిండి కొట్టి తిరిగి పశువుల దాణాలోనే కలిపిన ఫలితంగా అది పాకింది. 1988 జులైలో ఆ పిండిని నెమరువేసే జంతువులకు పెట్టడాన్ని నిషేధించారు. అయినా అప్పటికే లోపల పెరుగుతున్న వ్యాధి ఆగలేదు, ఏళ్ల తరబడి బయటపడుతూనే వచ్చి, చివరికి 1,80,000కు పైగా పశువుల్లో నిర్ధారణ అయింది.

గడ్డి తినే జంతువుల సంగతి అలా ఉండగా, 1989 ఫిబ్రవరిలో వెలువడిన, బ్రిటన్ ప్రభుత్వం నియమించిన సౌత్‌వుడ్ కమిటీ నివేదిక ఈ వ్యాధి పశువుల దగ్గరే ఆగిపోయే అవకాశమే ఎక్కువని అభిప్రాయపడింది. ఏడాది తిరిగేసరికి, 1990 మేలో, బ్రిస్టల్‌లో మ్యాక్స్ అనే సయామీ పెంపుడు పిల్లి అదే రకమైన వ్యాధితో చనిపోయిందని తేలింది. గొర్రెల్లో స్క్రేపీ అనే ప్రయాన్ వ్యాధి రెండు వందల ఏళ్లకు పైగా తెలిసినదే, ఆ గొర్రెల మాంసం తిన్న పిల్లులకు అది సోకిన దాఖలా లేదు. కాబట్టి ఈ పిల్లి మరణంతో జాతి హద్దు దాటిన కొత్తదేదో ఆవుల్లో ఉందని నిపుణులకు అర్థమైంది. తర్వాతి కాలంలో బ్రిటన్‌లో దాదాపు 90 పెంపుడు పిల్లులలో ఈ వ్యాధిని గుర్తించారు. అవే ఆహారాలు తిన్న కుక్కలకు మాత్రం అది సోకినట్టు నిర్ధారణ కాలేదు. పిల్లి జాతి శరీరానికి ఈ ప్రయాన్ పట్ల ప్రత్యేకమైన బలహీనత ఉందన్నమాట. పులికి, సింహానికి, చీతాకు ఉన్నదీ అదే రక్తసంబంధం.

ఆ తర్వాత జూల వంతు వచ్చింది. 1992లో ప్యూమా అనే అమెరికా ఖండపు పెద్దపిల్లి ఒకదానిలో ఈ వ్యాధిని వివరించారు. అదే ఏడాది, బ్రిటన్‌లో పుట్టి పశ్చిమ ఆస్ట్రేలియాకు చేరిన ఒక చీతాలో కూడా ఇది బయటపడింది. ఆవుల్లో ఈ జబ్బు ఊసే లేని దేశంలో, సముద్రాలు దాటి వచ్చిన ఒక్క జంతువు తన మెదడులో దాన్ని మోసుకువచ్చింది. చీతాలు, ప్యూమాలు, ఓసిలాట్లు అనే చిన్న అడవిపిల్లులు, పులులు, సింహాలు వరసగా ఈ జాబితాలో చేరాయి. లండన్‌లోని జువాలజీ సంస్థకు చెందిన జేమ్స్ కిర్క్‌వుడ్, ఆండ్రూ కన్నింగ్‌హామ్ 1994లో ఈ కేసులన్నింటినీ కూర్చి పరిశీలించినప్పుడు కారణం స్పష్టంగా కనిపించింది. మనుషులు తినడానికి పనికిరావని పక్కన పెట్టిన పశువుల కళేబరాలను, చీల్చిన తలలతో, వెన్నెముకలతో సహా, పచ్చిగా ఈ జంతువులకు వేశారు. మనుషుల ఆహారంలోంచి పశువుల మెదడును, వెన్నుపామును 1989 నవంబరులో తొలగించారు. జంతువుల ఆహారంలోంచి తొలగించడానికి 1990 సెప్టెంబరు దాకా ఆగారు. ఆ పది నెలల తేడా గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

లండన్ జూలోని కుడూ (ఆఫ్రికా జింక జాతి) మంద గురించి కూడా ఒక మాట చెప్పాలి. అవి పిల్లి జాతివి కావు, కానీ ఆ మందలో దాణా నిషేధం తర్వాత పుట్టిన దూడలకు కూడా జబ్బు వచ్చింది. తిండి ఒక్కటే దారి కాకపోవచ్చని అది మొదటి సూచన. 2009లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఒక చీతాలో తల్లి నుంచి పిల్లకు సోకి ఉండవచ్చని అనిపించే కేసును ప్రచురించారు. ఐర్లండ్‌లో, ఫ్రాన్స్‌లో, జర్మనీలోని న్యూరెంబర్గ్ జూలో చీతాలకు ఇది వచ్చింది. యూరప్ నుంచి మెల్‌బోర్న్ జూకు వెళ్లిన ఒక ఆసియా బంగారు పిల్లికి వచ్చింది. జూల మధ్య సంతానోత్పత్తి కోసం జంతువులను మార్చుకోవడం మంచి పనే. కానీ ఏ జంతువు ఏ ఏట, ఏ ఊళ్లో, ఏం తిని పెరిగిందో రాసి ఉంచిన కాగితం దాని వెంట రాకపోతే, ఆ మంచి పనే ఏళ్ల తర్వాత జవాబు దొరకని ప్రశ్నగా మారుతుంది.

వైద్యులకు తెలిసినదే అయినా ఈ లేఖ చదివే మిగతావారి కోసం ప్రయాన్ అంటే ఏమిటో కొంచెం చెబుతాను. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. మన మెదడులోనే సహజంగా ఉండే ఒక ప్రొటీన్ మడత తప్పి, తన పక్కనున్న మంచి ప్రొటీన్లను కూడా తన వంకర రూపంలోకి లాగుతుంది. స్టాన్లీ ప్రుసినర్ 1982లో దానికి ఆ పేరు పెట్టారు, 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దానిలో జన్యుపదార్థం కనబడదు కాబట్టి మనకు అలవాటైన వైరస్ పరీక్షలు దాన్ని పట్టలేవు. సొంత ప్రొటీనే కాబట్టి శరీరం దాన్ని శత్రువుగా గుర్తించదు, జ్వరం రాదు, రక్తంలో యాంటీబాడీలు తయారు కావు. బతికున్న పులిలో దాన్ని నిర్ధారించే నమ్మకమైన మామూలు పరీక్ష లేదు, వైద్యం అసలే లేదు. లోపలికి చేరిన తర్వాత లక్షణాలు కనబడడానికి ఏళ్లు పడుతుంది, కనబడ్డాక జంతువు బతికేది కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. తూలడం, దూరం అంచనా తప్పడం, వణుకు, చిన్న చప్పుడుకే బెదరడం, చొంగ కారడం, స్వభావం మారడం. ఈ లక్షణాల్లో ప్రతి ఒక్కటీ మరో పది జబ్బుల్లోనూ కనిపిస్తుంది. అందుకే మెదడు చూడకుండా ఇది అని గానీ, ఇది కాదని గానీ చెప్పే అధికారం ఎవరికీ లేదు.

ఇప్పుడు మన సంగతి. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. భారతదేశంలో మ్యాడ్ కౌ వ్యాధి ఎప్పుడూ నమోదు కాలేదు. ఈ వ్యాధి విషయంలో మన దేశానిది అతి తక్కువ ప్రమాదమని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు ఇచ్చింది. మన గేదెలు గడ్డి, చొప్ప, తవుడు, తెలగపిండి మీద బతికేవి. కునో జాతీయ పార్కుకు 2022లో నమీబియా నుంచి, 2023లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన చీతాలు యూరప్ జూల కళేబరాల మీద పెరిగినవి కావు. కాబట్టి రేపే ఏదో ముంచుకొస్తుందని నేను అనను. అయితే మూడు విషయాలు నన్ను నిశ్చింతగా ఉండనివ్వడం లేదు.

మొదటిది, మన జూలలో పెద్దపిల్లులకు వేసేది ప్రధానంగా కబేళా నుంచి టెండరు మీద వచ్చే గొడ్డు మాంసం. కబేళాకు వెళ్లేవాటిలో చాలామటుకు వట్టిపోయిన, వయసు మళ్లిన పశువులు. 2004లో ఇటలీ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు పాత రకం కాని మరో రెండు రకాల వ్యాధిని ఆవుల్లో కనుగొన్నారు. వాటికి కలుషితమైన దాణా అవసరం లేదు, ముసలి పశువులో తనంతట తానే అరుదుగా పుట్టవచ్చని నిపుణుల అంచనా. వ్యాధి లేని దేశాల్లో కూడా అటువంటి ఒంటరి కేసులు కనబడుతూ వచ్చాయి. 2018లో అల్జీరియాలో ఒంటెల్లో అంతకుముందు ఎన్నడూ తెలియని ప్రయాన్ వ్యాధిని వివరించారు. అంటే ప్రయాన్ వ్యాధుల పట్టిక ఇంకా పూర్తి కాలేదు.

రెండవది, విదేశాల నుంచి జంతువుల రాక. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సౌదీ అరేబియా రాజకుటుంబీకుడి కానుకగా ఆఫ్రికా సింహాలతో పాటు చీతాల జంట వచ్చిన సంగతి తెలుగువారికి గుర్తే. ఆడ చీతా 2020లో చనిపోయింది, మగది 2023లో గుండెపోటుతో పోయింది. ఆడ చీతాకు వెనక కాళ్లు పడిపోయాయని అప్పుడు పత్రికలు రాశాయి. బందీగా పెరిగే చీతాలలో వెన్నుపాము దెబ్బతినే వేరే జబ్బులు కూడా ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క లక్షణాన్ని పట్టుకొని నేను ఏ అనుమానమూ వ్యక్తం చేయడం లేదు, ఆ జూ వైద్యుల శ్రమను తక్కువ చేయడం అసలే లేదు. వార్త చదివిన రోజు నాకు తట్టిన ప్రశ్న మాత్రం అడుగుతాను: అటువంటి జంతువు పోయినప్పుడు మెదడును, వెన్నుపామును ఎక్కడికి, ఏ పరీక్షకు పంపాలో ముందే రాసిపెట్టిన కాగితం మన జూలలో వైద్యుడి బల్ల మీద ఉందా? కానుకలుగా, మార్పిడిగా, సంరక్షణ పేరిట విదేశాల నుంచి పెద్దపిల్లులు రావడం ఇకముందు పెరుగుతుందే తప్ప తగ్గదు. విశాఖ, తిరుపతి కేంద్రాలు సర్కసుల నుంచి విడిపించిన సింహాలను, పులులను ఎంతో ఓపికగా సాకాయి. వాటిలో చాలావాటికి పుట్టుపూర్వోత్తరాలే దొరకవు.

మూడవది, దహనం. చర్మం, గోళ్లు, ఎముకలు స్మగ్లర్ల చేతికి పోకుండా పెద్దపిల్లి కళేబరాన్ని అధికారుల సమక్షంలో కాల్చివేస్తాం. ఆ జాగ్రత్త అవసరమే, దాన్ని సడలించమని నేను అడగను. కానీ దానివల్ల మనకు దొరికేది ఒకే ఒక్క అవకాశం. పాతిపెట్టిన ఆవును అనుమానం వస్తే తవ్వి చూడవచ్చు, కాలిన పులిని చూడలేం. మన ఎండల్లో మెదడు గంటల్లోనే మెత్తబడి పరీక్షకు పనికిరాకుండా పోతుందని కూడా మీకు తెలుసు. రంపం ఎక్కడుందో, మెదడును చెడకుండా ఉంచే ఫార్మలిన్ ఉందో లేదో, ఎవరికి ఫోన్ చేయాలో ఆ సాయంత్రం వెతుక్కోవలసి వస్తే పని జరగదు. నాకు జరగలేదు.

కాబట్టి నా విన్నపం. పెద్దపిల్లి పోస్ట్‌మార్టంలో పుర్రె తెరవడం తప్పనిసరి చేస్తూ అథారిటీ ఉత్తర్వు ఇవ్వాలి. తీసిన మెదడును నిలువుగా రెండు భాగాలు చేసి, మెదడు కాండం కింది భాగంతో సహా ఒక సగాన్ని పది శాతం ఫార్మలిన్‌లో, రెండో సగాన్ని గడ్డకట్టించి ఉంచాలి. ముందుగా రేబీస్, డిస్టెంపర్ పరీక్షలు జరగాలి, ఎందుకంటే మన దేశంలో వాటి అవకాశమే ఎక్కువ. 2018లో గిర్ సింహాల మరణాల వెనక డిస్టెంపర్ వైరస్ ఉందని తేలడం మనం చూశాం. అవి కావని తేలితే ప్రయాన్ పరీక్షకు పంపాలి. భోపాల్‌లో అత్యంత భద్రత గల జాతీయ పశువ్యాధుల ప్రయోగశాల ఉంది, బరేలీలో భారత పశువైద్య పరిశోధన సంస్థ ఉంది. ఎవరు ఏ నమూనా తీసుకోవాలో, ఎన్ని రోజుల్లో ఫలితం చెప్పాలో వారితో మాట్లాడి ఖరారు చేయగలిగింది మీరే. ఒక్కో జూ విడిగా ఉత్తరాలు రాసుకుంటూ పోతే ఆ పని ఏళ్లు పడుతుంది.

పోస్ట్‌మార్టం చేసే వైద్యుడి, సహాయకుల రక్షణ గురించి ప్రత్యేకంగా రాయాలి. ఫార్మలిన్ ప్రయాన్‌ను చంపదు. మామూలుగా నీళ్లలో మరిగించినా, స్పిరిట్‌తో తుడిచినా అది పోదు. ఆ పనిముట్లను గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంలో గంటసేపు నానబెట్టాలి, లేదా అందుకు తగిన ఉష్ణోగ్రత, సమయం పాటించి ఆటోక్లేవ్ (పీడనంతో కూడిన ఆవిరిలో శుద్ధి) చేయాలి. 600 డిగ్రీల వేడిలో బూడిదైన పదార్థంలో కూడా కొంత సోకే శక్తి మిగిలినట్టు ప్రయోగాల్లో తేలింది, 1,000 డిగ్రీల దగ్గర మిగలలేదు. కట్టెల చితి మీద ఆ వేడి కళేబరం అంతటా అందుతుందని చెప్పలేం కాబట్టి, నాడీ లక్షణాలతో పోయిన జంతువును ఇన్సినరేటర్‌లో కాల్చాలి. పుర్రె కోసేటప్పుడు ముఖకవచం, కోతకు తట్టుకునే చేతి తొడుగులు ఇవ్వాలి. జూలో పోస్ట్‌మార్టం గదిని కడిగేది ఎక్కువగా కాంట్రాక్టు పనివారే, వారికి ఈ సంగతులు ఎవరూ చెప్పరు.

తిండి విషయంలో అడిగేది చిన్నది. తల, మెదడు, వెన్నెముక ఉన్న ముక్కలు పెద్దపిల్లుల బోనులోకి పోకూడదని మాంసం టెండరు షరతుల్లోనే ఒక వాక్యం చేర్చండి. చాలా జూలు ఇప్పటికే ఎముకలతో కూడిన కండనే తీసుకుంటాయి, అయినా కాగితం మీద ఉన్న షరతుకు, అలవాటుకు తేడా ఉంది. వయసు మళ్లి దానంతటది కూలిన పశువును చవకగా వస్తోందని తీసుకోకూడదు.

రికార్డుల గడువు ఇప్పుడు ఎంత ఉన్నా, పెద్దపిల్లుల విషయంలో కనీసం 20 ఏళ్లు ఉంచండి. చీతాలో ఈ వ్యాధి బయటపడడానికి అయిదారేళ్లు, అంతకంటే ఎక్కువ పట్టిన సందర్భాలున్నాయి. పైన చెప్పిన తల్లీపిల్లల కేసును పోల్చుకోవడానికి వీలైంది, ఆ తల్లి ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో కాగితం ఉంది కాబట్టే. విదేశాల నుంచి వచ్చే ప్రతి జంతువుకూ పుట్టిన చోటు, తల్లిదండ్రులు, తిన్న మాంసం రకం, తోటి జంతువుల మరణ కారణాలు ఉన్న పత్రం దిగుమతి అనుమతికి ముందే అడగండి. తర్వాత అడిగితే ఎవరూ పంపరు.

ఇవన్నీ చేస్తే జనం బెదిరిపోతారని, జూకు రావడం మానేస్తారని కొందరు అధికారులు అనుకోవచ్చు. 2021 మేలో నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కొవిడ్ సోకిందని హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలినప్పుడు ఆ సంగతి వెంటనే బయటపెట్టారు. సింహాలు కోలుకున్నాయి, జనం అర్థం చేసుకున్నారు, ఎవరి పరువూ పోలేదు. బ్రిటన్‌లో ప్రజలకు కోపం తెప్పించింది వ్యాధి ఒక్కటే కాదు. ఏమీ లేదు, తినండి అని ఏళ్ల తరబడి చెప్పి, 1996 మార్చి 20న మనుషులకు కూడా సోకి ఉండవచ్చని పార్లమెంటులో ఒప్పుకోవలసి రావడం. ఆ జబ్బుతో ఆ దేశంలో 170 మందికి పైగా చనిపోయారు, చాలామంది చిన్న వయసువారు. మనుషుల్లో కనబడడానికి నాలుగేళ్ల ముందే ప్యూమాలోనూ, చీతాలోనూ, ఆరేళ్ల ముందే ఇంటి పిల్లిలోనూ అది కనిపించింది. చూసే కళ్లున్న వైద్యులు అక్కడ ఉన్నారు, వాళ్లు పుర్రె తెరిచారు, అందుకే ఆ సంకేతం నమోదైంది. దాన్ని పట్టించుకోకపోవడం వేరే సంగతి.

ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. మన మూడు జూలలో కలిపి ఏడాదికి నాడీ లక్షణాలతో పోయే పెద్దపిల్లులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఒక విద్యుత్ రంపం, రెండు మూతబిగువు డబ్బాలు, ఫార్మలిన్, కాస్టిక్ సోడా, గడ్డకట్టించే పెట్టెలో ఒక అర. పరీక్ష రుసుమును కేంద్రం భరించగలదు. జూ మొత్తం ఖర్చులో ఇవి పెద్ద భారం కావు.

జూలలో పనిచేసే యువ వైద్యులకు విడిగా ఒక మాట. కీపరు చెప్పేది రాసుకోండి. మీరు రౌండ్లకు వెళ్లేసరికి పులి పడుకొని ఉంటుంది, మీకు ఏమీ కనబడదు. మంచె అందుకోలేకపోయిన క్షణం చూసేది రోజూ పొద్దున్నే తలుపు తీసే మనిషి. ఆ రోజు, తేదీ, ఆ మాట యథాతథంగా కేస్ షీట్‌లో ఉండాలి, వీలైతే ఫోన్‌లో వీడియో తీయించండి. నా పులి విషయంలో ఆ కీపరు చెప్పిన మాటలు ఏ కాగితం మీదా లేవు, నాకు గుర్తున్నంత వరకే ఉన్నాయి.

సభ్య కార్యదర్శి గారూ, అథారిటీ సాంకేతిక సంఘం తదుపరి సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను. మూడు తెలుగు జూల క్యూరేటర్లు ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా, రంపాన్ని, డబ్బాలను ఈ నెలలోనే తెప్పించి పోస్ట్‌మార్టం గదిలో పెట్టించగలరు. ఎలా కోయాలో, ఏ భాగం ఎలా తీయాలో నేర్పించడానికి పిలిస్తే, నా చేతులు సహకరించినన్నాళ్లు, నా ఖర్చులతో నేను వచ్చి చూపిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత పశువైద్యుడు